చలివీధికి వెళ్ళిన నిమ్మచెట్టు

ఆ ఓడలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. పసిగుడ్డు మొదలు పండు ముసలి దాకా అందరిదీ పెద్ద గొంతే. కింద ఇంజను మోత అలాంటిది. నక్షత్రాల మధ్య నడిచే ఓడ అంటే గాల్లో దూదిలా చప్పుడు లేకుండా తేలిపోతుందని అనుకునేవాళ్ళు ఒక్క పూట ఇక్కడ కాపురం చేసి చూడాలి. గోడకు ఆనించిన గిన్నె గలగలలాడుతూనే ఉంటుంది. మంచం కోళ్ళ కింద గుడ్డ మడిచి పెట్టుకోకపోతే నిద్రలో పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. గుసగుసలాడే విద్య ఇక్కడ ఎవరికీ రాదు. చాడీలు కూడా కేకలు వేసి చెప్పుకోవలసిందే. అందుకే ఈ ఓడలో దాగే రహస్యాలు తక్కువ, తేలిపోయే తగాదాలు ఎక్కువ.

ఇలాంటి ఓడకు కెప్టెన్ కావాలంటే ముందు గొంతుండాలి. ఈ కెప్టెన్‌కు గొంతుతో పాటు మొండితనం కూడా దండిగా ఉంది. ఎదురుగా అందరూ 'కెప్టెనమ్మా' అంటారు గానీ చాటున ఆమె పేరు 'మేకు'. దిగబడిందంటే గోడ పగలాల్సిందే తప్ప ఊడి రాదని. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా.

రోజూ పొద్దున్నే, వీధి దీపాలు పూర్తిగా వెలగగానే, ఆమె పైగదిలో మైకు ముందు నిలబడి "ఓడ క్షేమం!" అని కేక వేస్తుంది. వీధి వీధినా జనం చేతిలో పని ఆపి "విన్నాం!" అని తిరిగి అరుస్తారు. నోట్లో బ్రష్షు ఉన్నా సరే, ఒళ్ళో పిల్ల ఏడుస్తున్నా సరే. ఆ కేక గోడలు పట్టుకుని పైగది దాకా వస్తుంది. విన్నాం అంటే చెవిన పడిందని మాత్రమే కాదు, నీ మాట మీద ఉన్నామని కూడా. ఆమె తాతల నాడు మొదలైన పద్ధతి అది. ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

ఇప్పుడు ఆమె కుర్చీ దిగే రోజు దగ్గర పడింది. అలిగి దిగడం కాదు, ఎవరో దింపడమూ కాదు. ప్రయాణం సగం అయిపోయింది. ఇన్నాళ్ళూ ఇంజను వెనక నుంచి తోస్తుంటే ఓడ వేగం పెంచుకుంటూ పోయింది. ఇక వేగం తగ్గించుకుంటూ పోవాలి, లేకపోతే చేరవలసిన నేల దగ్గర ఆగలేదు. దానికి ఒకటే దారి. ఇంజను ఆపి, ఓడను తల వెనక్కి, తోక ముందుకి తిప్పి, మళ్ళీ ఇంజను వెలిగించాలి. దీన్నే వాళ్ళు 'తిరుగు' అంటారు. మొత్తం ప్రయాణానికి ఒక్కటే తిరుగు. ఆ రోజున కుర్చీ కూడా చేతులు మారాలి. పరుగెత్తించిన చెయ్యి ఆపడానికి పనికిరాదని ఓడ కట్టినవాళ్ళ నాటి మాట. తర్వాతి కెప్టెన్ ఆమె అన్న కూతురే. చురుకైన పిల్ల, లెక్కల్లో దిట్ట, కాస్త తొందర మనిషి. మేనత్త దగ్గరే పని నేర్చింది గనక తిట్లు తినడంలోనూ దిట్టే.

"తిరుగు చేసి మరీ దిగుతాను" అని కెప్టెన్ ఎప్పుడో అనుకుంది. ఆమెకు ముందు కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఓడను తిన్నగా పోనిచ్చి పోయారు, అంతే. అసలు పని ఆమె వంతుకు మిగిలింది. దాని కోసమే పుట్టినట్టు ఆమె ఇన్నేళ్ళూ బతికింది.

దానికి అడ్డు పడింది ఒక ఇత్తడి గుండు.

పైగది కప్పు నుంచి దారానికి వేలాడే గుండు అది. గోడ నిటారుగా లేస్తోందో లేదో చూసుకోవడానికి తాపీ మేస్త్రీల దగ్గర ఉంటుందే, అచ్చం అలాంటిదే. దాని కింద నేల మీద ఇత్తడి పలక, పలక మధ్య నల్ల చుక్క. ఓడ బరువు రెండు పక్కలా సమంగా ఉంటే గుండు మొన చుక్క మీద నిలుస్తుంది. కెప్టెన్ చిన్నప్పుడు చుక్క పక్కనే ఉండేది. ఇప్పుడు పలక అంచు దాకా జరిగిపోయింది.

ఎందుకంటే మనుషులకు చలి పడదు. ఇంజను నుంచి వేడినీటి గొట్టాలు ఓడకు ఒక పక్క నుంచే పైకి వెళతాయి. ఆ పక్కది వెచ్చవీధి, అవతలిది చలివీధి. మొదట్లో జనం సగం సగం ఉండేవారట. తర్వాత పిల్లకు జలుబని ఒకరు, ముసలాయనకు కీళ్ళనొప్పులని ఇంకొకరు, చుట్టపుచూపుగా వచ్చి మరొకరు వెచ్చవీధిలో పాతుకుపోయారు. మంచం తెచ్చుకున్నారు, బిందె తెచ్చుకున్నారు, అడ్డుగోడ కట్టుకున్నారు. ఓడను వంచాలని ఏ ఒక్కరూ అనుకోలేదు. అందరూ కలిసి వంచేశారు. తిన్నగా పోయినంత కాలం ఇంజను ఎలాగో సర్దుకుంది. కానీ ఇంజను ఆపి తిప్పేటప్పుడు, ఒక పక్కకు బరువెక్కిన ఓడ తాగినవాడిలా తూలుతుంది. తిన్నగా నిలవకపోతే మళ్ళీ ఇంజను వెలిగించి ప్రయోజనం లేదు. ఆగవలసిన నేలను దాటేసి, ఆ పిల్లాజెల్లాతో సహా, చీకట్లోకి పోతూనే ఉంటుంది.

అందుకని కెప్టెన్ కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. బతిమాలింది, కసిరింది, దుప్పట్లు కుట్టించి పంచింది. సగం కుటుంబాలను సణుగుళ్ళతో సహా చలివీధికి తరలించింది. మంచాలు, బీరువాలు, పనిముట్లు అన్నీ కదిలాయి. చివరి బీరువా కూడా వెళ్ళాక మేనకోడలూ ఆమే గుండు పక్కన గొంతుక్కూర్చుని చూశారు.

గుండు కదిలింది. కానీ సగం దారిలో ఆగిపోయింది.

"లెక్క తప్పలేదత్తా" అంది మేనకోడలు ఏడుపు గొంతుతో. "మనుషులందర్నీ తూచాం. సామానంతా తూచాం, గరిటెలతో సహా. ఇంకా ఏముందని?"

"ఏదో ఉంది. గుండుకు నోరు లేదు, అబద్ధం చెప్పడానికి."

అప్పుడే ఇంజను గది నుంచి మరిది పైకి వచ్చాడు. ఆయన పోయిన ఆమె భర్తకు తమ్ముడు. అన్న తర్వాత ఇంజను మేస్త్రీ అయ్యాడు. ఆ మోత పక్కనే బతికి బతికి చెవులు సగం పోయాయి గనక ఆయన గొంతు ఓడ మొత్తానికి పెద్దది.

"వదినా! నా ఇంజను గదిలో ఎక్కువ తక్కువలేం లేవు! ముందే చెప్తున్నా!"

"నిన్నెవరన్నారయ్యా? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు!" అని కెప్టెన్ లేచి, మోకాళ్ళు దులుపుకుని, వెచ్చవీధి వైపు నడిచింది. లెక్క తేలనప్పుడు కాళ్ళకు పని చెప్పడం ఆమెకు అలవాటు.

వెచ్చవీధి సగం ఖాళీగా ఉండాలి. లేదు. చలివీధికి వెళ్ళినవాళ్ళంతా చెంబులతో నీళ్ళు పట్టుకుని మళ్ళీ ఇక్కడే ఉన్నారు. ఖాళీ చేసిన ఇళ్ళ గుమ్మాల పక్కన తొట్లకు నీళ్ళు పోస్తున్నారు, ఎండుటాకులు గిల్లుతున్నారు, తొట్టి అంచు మీద కూర్చుని ఆనాటి కబుర్లు మొక్కలకు అరిచి చెబుతున్నారు. కాపురం అక్కడ, ప్రాణం ఇక్కడ. కెప్టెన్ తన గుమ్మం దాకా వచ్చి, తన తొట్టిలోని నిమ్మచెట్టును చూసి, ఉన్నచోటే నిలబడిపోయింది.

ఆ ఓడలో పోయినవాళ్ళను మన్నులో కలుపుతారు. ఆ మన్నును ఒక తొట్టిలో పోసి, గుమ్మం పక్కన పెట్టి, ఏదో ఒక మొక్క నాటుతారు. ఆ ఇంట్లో తర్వాత పోయినవాళ్ళు కూడా అదే తొట్టిలో చేరతారు. తొట్టి పెరుగుతుంది. వాటిని 'పెద్దలు' అంటారు. "మా పెద్దలు ఈ ఏడు బాగా కాశారు" అని గొప్పలు చెప్పుకుంటారు. మనుషుల లెక్క రాసేటప్పుడు పోయినవాళ్ళ పేరు కొట్టేస్తారు, అది సహజం. సామాను లెక్క రాసేటప్పుడు తొట్టి దగ్గరికి వచ్చి ఆగిపోతారు, ఎందుకంటే తాతను సామాను అని ఎవడంటాడు? అలా పెద్దలు ఇందులోనూ లేరు, అందులోనూ లేరు. మూడు తరాల మన్ను, ఏ లెక్కకూ అందకుండా, వెచ్చవీధిని పట్టుకుని కూర్చుంది. ఆ లెక్క రాసినవాళ్ళలో కెప్టెన్ కూడా ఒకతె. తన గుమ్మం ముందున్న తొట్టిని రోజూ దాటుకుంటూ వెళ్ళి మరీ రాసింది.

సంగతి చెప్పగానే మేనకోడలు మొహం పాలిపోయింది. "మనుషులే కదలడానికి తలప్రాణం తోకకొచ్చింది. పెద్దల్ని కదపనిస్తారా? చలికి మొక్కలు బతకవు కూడా."

"బతకవు."

"అయితే అత్తా, ఒక పని చేద్దాం. తిరుగు అయ్యే దాకా పెట్టండి చాలు, తర్వాత ఎవరివి వాళ్ళు తెచ్చుకోవచ్చు అని చెప్పు. కాదనరు."

"తెచ్చుకోవచ్చా?"

తెచ్చుకోకూడదని ఇద్దరికీ తెలుసు. వేగం తగ్గే సగంలో ఇంజను ఇంకా గట్టిగా తొయ్యాలి. ఓడ దిగే దాకా గుండు చుక్క మీదే ఉండాలి. ఒకసారి చలివీధికి వెళ్ళిన తొట్టి వీళ్ళ జన్మలో వెచ్చవీధికి రాదు.

"తిరుగు అయితే నేను దిగిపోతాను" అంది కెప్టెన్. "నేనాడిన అబద్ధం ఆ కుర్చీలో నీకోసం కాచుక్కూచుంటుంది. మొదటి వారంలోనే ఎవరో తొట్టి ఎత్తుకుని వస్తారు. మీ అత్త చెప్పిందిగా అంటారు. అప్పుడేమంటావ్? ఆ తర్వాత నువ్వు ఓడ క్షేమం అంటే ఎవరు నమ్ముతారే?"

"నిజం చెబితే అసలు కదలరు కదా!"

"కదిలే దాకా చెప్తా" అంది మేకు.

వెచ్చవీధి నడుమ, గొట్టాలు మలుపు తిరిగే చోట అందరినీ పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గోల లేచింది. ఆ గోలను దాటి ముందుకు వచ్చింది దర్జీ పెద్దమ్మ. వీధిలో అందరి బట్టలూ ఆమె చేతి కుట్టే. ఆమె గుమ్మం ముందున్న తొట్టిలో ఒక్కగానొక్క కొడుకు ఉన్నాడు. నడక వచ్చీ రాని వయసులో పోయాడు. తొట్టి చిన్నదే, అందులో ఒక మల్లె మొక్క.

"తిరుగు అయ్యాక తెచ్చుకోవచ్చా?" అని ఒక్కటే అడిగింది.

మేనకోడలు అత్త వైపు చూసింది. అవుననే మాట ఎంత తేలిక! చెప్పి పైగదికి పోతే చాలు.

"రాదు పెద్దమ్మా" అంది కెప్టెన్. "నా కాలంలో రాదు, నీ కాలంలో రాదు. మల్లె కూడా ఉండదు. మన్ను ఉంటుంది."

"వాడికి చలంటే పడేది కాదు. దుప్పటి తన్నేసుకుంటే రాత్రంతా నేనే కప్పేదాన్ని. ఇప్పుడు తీసుకెళ్ళి చలిలో పెట్టమంటావా? నీకేమమ్మా, పిల్లల్లేరు. చెప్పేందుకే నీతులు." పెద్దమ్మ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆమె వెనకే వీధంతా వెళ్ళిపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. తిరుగు వేళ ఇంజను ఆగితే ఓడలో దేనికీ బరువుండదు. తొట్లలో మన్ను పైకి లేచి గాల్లో తేలుతుంది. ఒక్కో తొట్టి మూతికి గట్టి గుడ్డ కుట్టాలి, మొక్క కాండం చుట్టూ బిగించి. ఆ పని చేయగల చెయ్యి పెద్దమ్మది ఒక్కటే.

మర్నాడు పొద్దున కెప్టెన్ మైకు ముందు నిలబడి "ఓడ క్షేమం!" అని కేక వేసింది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంజను మోత తప్ప ఏమీ రాలేదు. కాసేపటికి కింద నుంచి మరిది గొంతు ఒక్కటే "విన్నాం వదినా!" అంది, పాపం. మేనకోడలు కళ్ళు తుడుచుకుంది. కెప్టెన్ మైకు కట్టేసి, గుండు వంక చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వీధి వీధంతా తొట్లు కదపమని చెప్పిన మనిషి తొట్టి ఇంకా గుమ్మంలోనే ఉంది మరి.

ఆమె మొగుడు ఇంజను మేస్త్రీ. పెళ్ళికి ముందు ఆయన ఇంజను పక్కన నిలబడి "నన్ను చేసుకుంటావా?" అని అడిగాడు. ఆ మోతలో వినబడాలి గనక ప్రాణం పెట్టి అరిచాడు. రెండు వీధులవాళ్ళూ పని మానేసి వచ్చి చూశారు. ఆమె "ఊ" అందామనుకుంది, కానీ ఆ ఓడలో ఊ అంటే వినబడదు, "చేసుకుంటా!" అని తనూ అరవాల్సి వచ్చింది. నెలల తరబడి పిల్లలు ఆ ఇద్దరి గొంతులూ అనుకరిస్తూ ఆడుకున్నారు. తర్వాత ఆయన అనేవాడు, "నీకో మాట చెప్పాలే. అరిచి చెప్పే మాట కాదు. తిరుగు రోజున ఇంజను ఆగుతుంది చూడు, అప్పుడు నీ పక్కన కూర్చుని మెల్లగా చెబుతా" అని. అదేమిటో ఇప్పుడే చెప్పమని ఆమె ఎంత పోరినా నవ్వి ఊరుకునేవాడు. తిరుగు రాకముందే ఆయన గుండె ఆగింది. తొట్టిలో నిమ్మచెట్టు ఆయన పోయిన ఏడు ఆమె నాటిందే. ఇప్పుడు నిండా కాయలతో ఉంది.

కాయలన్నీ కోసింది. ఒక్కటి కూడా చలికి వదలదలచుకోలేదు. బుట్టలో పోసి, వీధిలో ప్రతి గుమ్మం మీదా ఒక్కో కాయ పెట్టుకుంటూ వెళ్ళింది. మూసిన తలుపులు తట్టలేదు, ఎవరినీ పిలవలేదు. పెద్దమ్మ గుమ్మం మీద కూడా పెట్టింది. తర్వాత తొట్టి కింద చక్రాల బల్ల తోసి, తాడు నడుముకు చుట్టుకుని లాగింది. తొట్టి కదిలినప్పుడు నిమ్మాకుల వాసన గుప్పున వచ్చింది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే లాగింది. ఏడవడానికని ఆగితే మళ్ళీ కదలదని ఆమెకు తెలుసు.

మలుపు దగ్గర బల్ల చక్రం గడపకు తట్టుకుని నిలిచిపోయింది. ఎంత లాగినా రాలేదు. ఇంతలో వెనక నుంచి ఎవరో ఒక్క తోపు తోశారు. తిరిగి చూస్తే దర్జీ పెద్దమ్మ. ఒక చేతిలో నిమ్మకాయ, చంకలో గుడ్డ చుట్ట.

"అబద్ధం చెప్పుంటే నమ్మేదాన్ని" అంది పెద్దమ్మ. "నమ్మి, తర్వాత నీ మొహం చూసేదాన్ని కాదు."

కెప్టెన్ మళ్ళీ తాడు అందుకుని బల్లను పక్కకు తిప్పబోయింది.

"అలా కాదు తిప్పడం. నీకు ఓడ తిప్పడం వచ్చేమో గానీ బల్ల తిప్పడం రాదు. పక్కకి జరుగు!"

ఇద్దరూ కలిసి చలివీధి దాకా తోశారు. అక్కడ ఊపిరి పొగలా కనిపిస్తోంది. పెద్దమ్మ తొట్టి పక్కన చతికిలబడి, వేళ్ళు ఊదుకుంటూ, నిమ్మచెట్టు కాండం చుట్టూ గుడ్డ బిగించి కుట్టడం మొదలుపెట్టింది. రెండు పొరలుగా వేసింది. "మన్ను లేవకుండా ఒక పొర చాలుగా" అంది కెప్టెన్. "రెండోది చలికి" అంది పెద్దమ్మ, దారం పంటితో కొరుకుతూ.

ఆ పూటే పెద్దమ్మ కొడుకు తొట్టి వచ్చింది, ఉన్ని గుడ్డలో చుట్టి. ఆ తర్వాత ఇంకొకటి. తర్వాత వీధి అంతా చక్రాల బల్లల గోల, తిట్లు, "మా తాత కాలు తొక్కావురా" అని తగాదాలు. పైగదిలో మేనకోడలు గుండు పక్కన బోర్లా పడుకుని చూస్తూ ఉంది. చివరి తొట్టి నిలిచాక అది చుక్క మీదికి వచ్చి, అటూ ఇటూ రెండుసార్లు ఊగి, ఆగింది. ఆ పిల్ల వేసిన కేకకు మైకు అవసరం లేకపోయింది.

తిరుగు రోజున అందరూ ఇళ్ళ మధ్య కట్టిన తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. కెప్టెన్ కుర్చీలో పట్టీ బిగించుకుని, మాట అందించే గొట్టంలోంచి ఇంజను గదికి "ఆపు!" అని ఆజ్ఞ ఇచ్చింది.

మోత ఆగింది.

చాలామంది తమ చెవులు పోయాయనుకున్నారు. గోడ మీద గిన్నెలు గలగలలాడటం మానేశాయి. పసిపిల్లలు బెదిరి ఏడవబోయి, తమ ఏడుపు తమకే అంత గట్టిగా వినబడేసరికి ఉలిక్కిపడి నోరు మూశారు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఓడలో ఎవరూ నిశ్శబ్దం ఎరగరు. గుండు దారం సడలి గాల్లో తేలింది.

"వదినా! ఇంజను ఆపేశా!" అని గొట్టంలోంచి మరిది అరుపు పైగదిని బద్దలు కొట్టింది.

"మెల్లగా చెప్పవయ్యా. వినబడుతోంది."

"అలాగే వదినా" అన్నాడు మెల్లగా. ఎంత మెత్తటి గొంతు! ఆయనకు అలాంటి గొంతు ఉందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. అన్నదమ్ములిద్దరివీ అరుపులు ఒకేలా ఉండేవి. అయితే తన మొగుడు మెల్లగా మాట్లాడితే కూడా ఇలాగే ఉండేదేమో. కెప్టెన్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి వదలాలి. ఇప్పుడు వదలకూడదు, వదలలేదు.

"పక్క ఇంజన్లు" అంది. ఓడను పక్కకు తిప్పే ఆ చిన్న ఇంజన్ల మీటను మేనకోడలు లాగింది. కిటికీలో నక్షత్రాలు మెల్లగా జరిగాయి. ఎన్నడూ కదలని చుక్కలు కదులుతుంటే తల తిరిగింది. ఓడ తూలలేదు. మూడు తరాల పెద్దలు చలివీధిలో తమ వాటా బరువు తాము పట్టుకుని కూర్చున్నారు. తల వెనక్కి వచ్చింది, తోక ముందుకి వెళ్ళింది, ఓడ తిన్నగా నిలిచింది.

కెప్టెన్ పట్టీ విప్పుకుంది. "కూర్చో" అంది.

"నువ్వు ఇక్కడే ఉంటావుగా అత్తా?"

"నేనెందుకే? కెప్టెన్ ఉందిగా."

ఇంజను మళ్ళీ వెలిగేలోగా కాస్త వ్యవధి ఉంటుంది. ఆమె తాడు పట్టుకుని తేలుతూ కిందికి వచ్చింది. చేతిలో పని లేకపోవడం ఊహ తెలిశాక ఆమెకు అదే మొదలు. చలివీధి మలుపు తిరగగానే ఏదో వింత చప్పుడు వినిపించింది, సన్నగా, ఆకుల మీద నీళ్ళు చిలకరించినట్టు. దగ్గరికి వెళితే తెలిసింది. మనుషులు. ప్రతి తొట్టి దగ్గరా ఎవరో ఒకరు తాడు పట్టుకుని, గుడ్డ మూతికి మొహం ఆనించి, మెల్లగా మాట్లాడుతున్నారు. గుసగుసలు ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి.

దర్జీ పెద్దమ్మ ఉన్ని గుడ్డ చుట్టిన చిన్న తొట్టిని రెండు చేతులా పొదివి పట్టుకుని జోల పాడుతోంది. కొడుకు బతికున్నప్పుడు ఆ జోలను ఇంజను మోత మీదుగా అరిచి పాడేది, వాడు ఉలిక్కిపడి లేచేవాడు. ఇప్పుడు జోలను జోలలాగా పాడుతోంది.

కెప్టెన్ తన నిమ్మచెట్టు దగ్గరికి వచ్చింది. ఆకులు అప్పుడే అంచులు ముడుచుకున్నాయి. గుడ్డ మీద చెంప ఆనించింది. ఆయన చెప్పాలనుకున్న మాట ఏమిటో ఆమెకు ఇక ఎప్పటికీ తెలియదు. అందుకని తన మాట చెప్పింది.

"నీతో బాగా బతికానయ్యా" అంది. ఆ 'అయ్యా' కూడా ఆమెకే వినబడేంత మెల్లగా.

అప్పుడు నేల అదిరింది. కాళ్ళు నేలకు తగిలాయి, మోత లేచింది, గిన్నెలు గలగలలాడాయి. పైనుంచి మైకులో కొత్త గొంతు, కాస్త వణుకుతూ, "ఓడ క్షేమం!" అంది.

వీధి తటపటాయించింది. కొత్త గొంతు కదా. కెప్టెన్ తొట్టి అంచు పట్టుకుని లేచి నిలబడి, నిండా ఊపిరి పీల్చుకుని, కుర్చీ ఎక్కిన రోజు నుంచి తన నోట రాని మాటను అందరికన్నా ముందు అరిచింది.

"విన్నాం!"

ఆ వెనకే చలివీధి మొత్తం అందుకుంది.